పై అంతస్తు ఆఫీసు, పడమటి అద్దాలు: ఐదో ఏసీ పెట్టాలా, వేరే దారి ఉందా?

పెన్నాగట్టు | మే 6, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసు పనులన్నీ నేనే చూస్తాను. మొత్తం 22 మందిమి. మూడంతస్తుల బిల్డింగులో పై అంతస్తు మాది. నెత్తి మీద స్లాబు, దాని మీద ఎండ. రోడ్డు పడమటి వైపు కాబట్టి ముందరి భాగమంతా నేల నుంచి కప్పు దాకా అద్దాలే పెట్టారు.

2017లో ఇక్కడికి వచ్చినప్పుడు ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు ఉండేవి, సరిపోయేవి. తర్వాత మూడోది పెట్టాం, రెండేళ్ల కింద నాలుగోది. ఇప్పుడు నాలుగూ తిరుగుతున్నా మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా లోపల 30 కిందకి దిగడం లేదు. పోయిన వారం మెయిన్ రెండుసార్లు ట్రిప్ అయింది. గురువారం నాడు మా దగ్గర పనిచేసే అమ్మాయి, ఆరో నెల గర్భిణి, కుర్చీలోంచి లేస్తూ కళ్లు తిరిగి పడబోయింది. పక్కనున్న వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

మా సార్ ఇంకో రెండు టన్నుల ఏసీ తెమ్మంటున్నారు. ఎలక్ట్రీషియన్ ఏమో ముందు శాంక్షన్డ్ లోడ్ (కరెంటు ఆఫీసు మాకు ఒప్పుకున్న గరిష్ట వాడకం) పెంచుకోవాలి, ఇప్పుడున్న 10 కిలోవాట్లు చాలవు అంటున్నాడు. ఏసీలు పెట్టేకొద్దీ చాలకుండా పోతున్నాయి. లోపం ఏసీల్లో ఉందా, బిల్డింగులో ఉందా, లేక ఎండలే మారిపోయాయా? తెలిసిన వాళ్లు చెప్పండి.

చల్లగాలి_కావలి | మే 6, మధ్యాహ్నం 1:15

అక్కా, నేను కావలిలో ఏసీ మెకానిక్‌ని, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కొత్త ఏసీ అమ్మితే నాకు నాలుగు డబ్బులు వస్తాయి. అయినా చెప్తున్నా, ఇప్పుడే కొనొద్దు. ముందు మీ ఔట్‌డోర్ యూనిట్లు ఎక్కడున్నాయో చెప్పండి. టెర్రస్ మీద, నల్లబడిపోయిన స్లాబు మీద, నాలుగూ వరసగా ఉన్నాయా? ఒకదాని గాలి ఇంకోదాని వీపుకు కొడుతోందా?

ఏసీ మీద రాసిన ఒకటిన్నర టన్ను అనే లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. గదిలోని వేడిని తీసుకుపోయి బయట పారబోయడమే దాని పని. బయట ఎంత వేడిగా ఉంటే పారబోయడం అంత కష్టం. మే నెలలో గాలి 42 ఉంటే ఆ స్లాబు మీద, యూనిట్ చుట్టూ ఉండే గాలి ఇంకా ఎక్కువ వేడి. అప్పుడు అదే ఏసీ తక్కువ చల్లదనం ఇచ్చి ఎక్కువ కరెంటు తింటుంది. అంటే మనకు మరీ అవసరమైన వేళకే దాని బలం తగ్గిపోతుంది. కస్టమర్లు గ్యాస్ తగ్గిందేమో చూడు అంటారు. చాలాసార్లు గ్యాస్ సరిగ్గానే ఉంటుంది, యూనిట్‌కే ఊపిరి ఆడదు.

పెన్నాగట్టు | మే 6, మధ్యాహ్నం 1:52

మీరు చూసి చెప్పినట్టే ఉంది తమ్ముడూ. నాలుగూ టెర్రస్ మీదే, రెండేసి ఎదురెదురుగా ఉన్నాయి. పిట్టగోడ మూలలో.

చల్లగాలి_కావలి | మే 6, మధ్యాహ్నం 2:05

అయితే మొదటి పని అదే. ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకే వైపు తిప్పించండి, పిట్టగోడకు దూరంగా జరిపించండి, పైన నీడ కట్టించండి. నీడ అన్నాను కదా అని యూనిట్‌ని అన్ని వైపులా మూసేస్తారు కొందరు, అట్లా చేయొద్దు. పైన మాత్రమే, నాలుగడుగుల ఎత్తున. కాయిల్ కడిగించండి. సముద్రం దగ్గర ఊళ్లు మనవి, ఉప్పుగాలికి రేకులు తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంటాయి. ఏడాదికొకసారి కడిగితే చాలదు.

బుచ్చి_కుర్రోడు | మే 6, రాత్రి 9:20

ఒక మాట అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. నెల్లూరు ఎప్పుడు చల్లగా ఉంది? మా తాత కూడా రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే చెప్పేవాడు. 2003 మే నెలలో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. అప్పటికి మా ఊళ్లో ఈ వాతావరణ మార్పు మాట ఎవరి నోటా లేదు. అద్దాల బిల్డింగులు కట్టుకుని వాతావరణం మారిందంటే ఎలా? అసలు తప్పు మరుగున పడుతుందని నా భయం.

భూగోళం_మాస్టారు | మే 7, ఉదయం 6:30

బాబూ, నీ ప్రశ్న న్యాయమైనదే. నేను కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కాస్త వివరంగా చెప్తాను.

మన తీరంలో మే నెల మధ్యాహ్నం ఎంత వేడిగా ఉంటుందనేది రెండు గాలుల పోటీ మీద ఆధారపడుతుంది. ఒకటి పడమటి గాలి, నల్లమల, వెలికొండల మీదుగా దిగి వచ్చే పొడి వేడి గాలి. రెండోది సముద్రపు గాలి. నేల వేడెక్కాక పదకొండు పన్నెండు గంటలకు సముద్రపు గాలి లోపలికి వస్తే పాదరసం అక్కడే ఆగుతుంది. పడమటి గాలి బలంగా ఉండి దాన్ని ఒడ్డు దగ్గరే ఆపేస్తే, మూడు నాలుగు దాకా వేడి ఎక్కుతూనే ఉంటుంది. సముద్రం ఒడ్డున మైపాడులో ఉన్నవాళ్లకూ లోపల ఆత్మకూరులో ఉన్నవాళ్లకూ ఒకే రోజు అంత తేడా ఎందుకో దీంతో తెలుస్తుంది. ఈ పోటీ మీ తాతగారి కాలంలోనూ ఉంది. పైగా నైరుతి రుతుపవనం మనకు పెద్దగా వాన తీసుకురాదు, అసలు వానలు అక్టోబరు తర్వాతే. అందుకే జూన్, జూలైల్లో కూడా మనకు ఎండ తగ్గదు. ఇదంతా పాత సంగతే.

మారింది ఏమిటంటే, ఈ పోటీ మొదలయ్యే మెట్టే పైకి జరిగింది. మన దేశంలో 1901 నుంచి లెక్కలు ఉన్నాయి, వాటిలో 2024 అన్నిటికంటే వేడి సంవత్సరమని భారత వాతావరణ శాఖ చెప్పింది. ఒకటి రెండు డిగ్రీల తేడాకు ఇంత గొడవా అంటారు. ఆఫీసు లెక్కలో చూడు. ఒక ఆఫీసు బయట 28 దాటితే ఏసీ వేస్తుందనుకుందాం. మేలో 41కి బదులు 42 అయితే ఏసీ ఎలాగూ తిరుగుతూనే ఉంది, కాస్త ఎక్కువ కష్టపడుతుంది, అంతే. కానీ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో 27, 28 చుట్టూ తిరిగే గంటలు మన దగ్గర బోలెడు. సగటు ఒక్క డిగ్రీ జరిగితే ఆ గంటలన్నీ గీత దాటి ఏసీ గంటలైపోతాయి. అందుకే వాతావరణ మార్పు భారం ఆఫీసు బిల్లులో మే నెలలోనే కాదు, ఒకప్పుడు ఫ్యాన్లతో గడిచిన నెలల్లో కనబడుతుంది. పెన్నాగట్టు మేడమ్, మీ దగ్గర పాత బిల్లులుంటే ఆ నెలలవి ఒకసారి తీసి చూడండి.

ఇక తేమ. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. పక్కన బంగాళాఖాతం ఉంది, నీటికి కొదవ లేదు. మార్కాపురంలో 42 డిగ్రీల పొడి ఎండ వేరు, నెల్లూరులో 36 డిగ్రీల ఉక్కపోత వేరు. చెమట ఆరకపోతే ఒంటికి చల్లదనం రాదు. ఏసీకి కూడా రెండు పనులు పడతాయి, గాలిని చల్లబరచాలి, అందులోని నీళ్లూ పిండాలి.

చల్లగాలి_కావలి | మే 7, ఉదయం 8:10

మాస్టారు చెప్పిన తేమ సంగతి నేను రోజూ చూస్తాను. ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, సముద్రపు గాలి వీచే రోజు అది నిండే తీరు వేరుగా ఉంటుంది. ఒక లీటరు నీళ్లు పిండాలంటే దాదాపు 0.7 యూనిట్ల వేడిని గదిలోంచి లాగాలి. తలుపు తీసి పెట్టే ఆఫీసులో ఏసీ నీళ్లు పిండుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం రాదు.

ఇంకోటి. అవసరానికి మించిన పెద్ద ఏసీ పెడితే గది తొందరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ పోయేంతసేపు తిరగదు. చల్లగా ఉంటుంది కానీ చెమ్మగా, జిగటగా ఉంటుంది. దాంతో ఇంకా తగ్గించండి అని 18కి తిప్పుతారు.

బుచ్చి_కుర్రోడు | మే 7, ఉదయం 9:00

మాస్టారూ, ఫిబ్రవరి గంటల సంగతి నాకు తట్టలేదు. మా షాపులో కూడా సంక్రాంతి వెళ్లగానే ఏసీ వేస్తున్నాం, ముందు శివరాత్రి దాకా ఆగేవాళ్లం. అయినా అద్దాల మీద నా మాట మార్చుకోను.

ఒంగోలు_సివిల్ | మే 7, మధ్యాహ్నం 12:30

మార్చుకోవాల్సిన పనీ లేదు. నేను ఒంగోలులో బిల్డింగ్ ప్లాన్లు గీస్తాను. ఈ పాపంలో మా వంతు ఉంది.

ఇరవై ఏళ్లుగా ఆఫీసు బిల్డింగంటే ముందర అద్దం, పక్కన మెరిసే షీట్లు అనే అలవాటు పట్టుకుంది. చీమకుర్తి పక్కనే ఉందని మా ఊళ్లో నల్ల గ్రానైట్ కూడా గోడకు అంటిస్తారు. ఆ రాయి అందం గురించి నాకు చెప్పక్కర్లేదు, ప్రపంచమంతా కొంటుంది. కానీ పడమటి గోడకు నల్లరాయి తొడిగితే సాయంత్రం నాలుగింటికి దాని మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడి గోడలోకి దిగి ఆరు ఏడు గంటలకు లోపలికి వస్తుంది. స్లాబూ అంతే. మధ్యాహ్నం తాగిన వేడిని సాయంత్రం, రాత్రి గదిలోకి వదులుతుంది. మూసేసిన ఆఫీసులో రాత్రంతా అది బయటికి పోయే దారి లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు తాళం తీయగానే తగిలే వేడి నిన్నటిది. మీ ఏసీలు మొదటి రెండు గంటలూ నిన్నటి ఎండతోనే కుస్తీ పడుతున్నాయి.

మేడమ్, మీకు పనికొచ్చే విషయాలు చెప్తాను.

స్లాబు పైభాగం తెల్లగా ఉండాలి. కూల్ రూఫ్ పెయింట్ మంచిదే, కానీ అంత ఖర్చు వద్దనుకుంటే సున్నం చాలు. ఒకటే ఇబ్బంది, మన అక్టోబరు, నవంబరు వానలకు సున్నం కొట్టుకుపోతుంది. ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. శాశ్వతంగా కావాలంటే తెల్ల చైనా మొజాయిక్, అంటే పగిలిన తెల్ల టైల్ ముక్కలు పరిచే గచ్చు. పాతకాలంలో మట్టి ముంతలు బోర్లించి పైన గచ్చు చేసేవాళ్లు, ముంతలో గాలి ఉంటుంది కాబట్టి వేడి కిందకి దిగదు. ఇప్పుడు చేసే మేస్త్రీలు తగ్గిపోయారు. పక్కన తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ప్రత్యేకంగా తెచ్చారు. మన దగ్గర కూడా అంత శ్రద్ధ రావాలని నా కోరిక.

అద్దాలకు లోపల కర్టెన్లు కట్టి చాలనుకోవద్దు. ఎండ అద్దం దాటిందంటే వేడి లోపలికి వచ్చేసినట్టే. కర్టెన్ కళ్లకు మాత్రం హాయి. ఆపాల్సింది అద్దానికి బయట. వెదురు తడికలు, షేడ్ నెట్, నిలువు పలకలు, ఏదైనా సరే. అద్దానికీ దానికీ మధ్య జానెడు ఖాళీ వదలండి, అక్కడి వేడి పైకి పోతుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి పైన సన్‌షేడ్ ఒక్కటే పెడితే ఏమీ ఆగదు.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. నెల్లూరులో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. మన అక్షాంశం 14 డిగ్రీల పైచిలుకు కావడం వల్ల. జూన్‌లో అస్తమించేది కూడా వాయవ్యం వైపే. ఉత్తరం కిటికీకి ఎండ రాదు అని పుస్తకాల్లో చదివి నీడ లేకుండా వదిలేస్తాం. మన ఊళ్లలో అది పనికిరాదు. మీకు ఉత్తరం కిటికీలుంటే వాటికీ నీడ కట్టండి.

నెల్లూరు_ఇంటాయన | మే 7, సాయంత్రం 6:45

నేను ఇంకో బిల్డింగ్ ఓనర్ని. మూడు ఆఫీసులకు అద్దెకిచ్చాను. మా వైపు మాట కూడా వినండి. అద్దం పెట్టకపోతే అద్దెకు ఎవరూ రారండీ. చూడటానికి వచ్చిన వాళ్లు మొదట ఫ్రంట్ ఎలివేషన్ చూస్తారు. వైట్ పెయింట్, తడికలు అంటే ఖర్చు నాది, తగ్గే కరెంటు బిల్లు అద్దెకున్న వాళ్లది. మూడేళ్లకు వాళ్లు ఖాళీ చేసి పోతారు. నేనెందుకు పెట్టాలి? కఠినంగా అనిపించొచ్చు, కానీ ఊళ్లో ఓనర్లందరూ ఇలాగే ఆలోచిస్తున్నారు.

ఒంగోలు_సివిల్ | మే 7, రాత్రి 8:15

మీరు దాచకుండా చెప్పారు సార్, అసలు ముడి ఇక్కడే ఉంది. కట్టేవాళ్లు ఒకరు, బిల్లు కట్టేవాళ్లు ఇంకొకరు. కేంద్రం 2007లోనే వాణిజ్య భవనాలకు ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ తెచ్చింది, 2017లో దాన్ని కొత్తగా రాశారు. గోడ ఎంత వేడిని ఆపాలి, అద్దం ఎంత ఎండను లోపలికి వదలొచ్చు, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది 100 కిలోవాట్ల లోడు దాటిన పెద్ద భవనాలకు. నెల్లూరు, ఒంగోలు, కావలి రోడ్ల మీద ఉండే మూడు నాలుగంతస్తుల అద్దె బిల్డింగుల్లో చాలావరకు ఆ లెక్కలోకే రావు. మన ఊళ్ల ఆఫీసులన్నీ ఉండేది వాటిలోనే.

అద్దె ఒప్పందంలోనే ఒక మాట రాసుకోవచ్చు కదా. ఖర్చు చెరి సగం, లేదా అద్దెదారు పెట్టి నెలనెలా అద్దెలో కొంత తగ్గించుకోవడం. స్లాబుకు నీడ పడితే స్లాబుకూ మంచిదే. పగలు కాగి రాత్రి ఆరి, ఇలా రోజూ సాగి ముడుచుకుంటేనే పైన పగుళ్లు వచ్చి వానాకాలంలో కారుతుంది. లీకేజీ ఖర్చు ఓనర్‌దే కదా.

నెల్లూరు_ఇంటాయన | మే 7, రాత్రి 8:40

లీకేజీ మాట నిజమే. దాని గురించి ఆలోచిస్తాను.

మూడో_బల్ల | మే 8, ఉదయం 11:10

అందరూ వేడి గురించే మాట్లాడుతున్నారు. నేను పనిచేసే చోట ఏసీ 18లో పెడతారు. నా బల్ల సరిగ్గా గాలి కొట్టే చోట ఉంది. మే నెలలో శాలువా కప్పుకుని టైప్ చేస్తాను, భుజాలు పట్టేస్తాయి. అదే హాల్లో కిటికీ పక్కన కూర్చునే వాళ్లకు చెమటలు. రిమోట్ మేనేజర్ దగ్గరే ఉంటుంది. 18 పెడితే తొందరగా చల్లబడుతుందని ఆయన నమ్మకం. ఎవరైనా సరిగ్గా వివరిస్తే ఆయనకు చూపిస్తాను.

విశ్రాంత_ఏఈ | మే 8, మధ్యాహ్నం 3:30

అమ్మా, 18 పెట్టినా 24 పెట్టినా చల్లబరిచే వేగం మామూలు ఏసీలో ఒకటే. తేడా ఎక్కడ ఆగుతుందన్నదే. కిటికీ దగ్గర వేడి ఉన్నంతకాలం ఆ 18 ఎప్పటికీ రాదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, దగ్గర కూర్చున్న మీరు గడ్డకట్టుకుపోతారు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. అందుకే 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా నిబంధన పెట్టారు. 26, 27లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేస్తే ఒంటికి 24లో ఉన్నట్టే ఉంటుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్ (కొత్త రకం మోటారుది) 30 వాట్లతో తిరుగుతుంది. ఆఫీసుల్లో ఫాల్స్ సీలింగ్ వేసి ఫ్యాన్లు పీకేయడం మనం చేసిన పెద్ద తప్పు.

నేను విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పెన్నాగట్టు గారికి ఒక మాట. ట్రిప్ అయినప్పుడు పెద్ద ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించుకోవడం చాలామంది చేస్తారు. ఆ పని చేయకండి. వైరు మారకుండా ఎమ్‌సీబీ మార్చితే కాలేది వైరే. మీటర్‌లో మ్యాగ్జిమమ్ డిమాండ్ రీడింగ్, అంటే ఒకేసారి వాడిన అతి ఎక్కువ లోడు ఉంటుంది, దాన్ని చూసి, నీడ పనులయ్యాక మళ్లీ చూసి, అప్పుడు లోడు పెంచాలా వద్దా తేల్చుకోండి.

ఒక ఆఫీసు కష్టం వీధిలో ఇంకోలా కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పగలంతా వేడెక్కి రాత్రి చల్లబడాలి. ఇప్పుడు రాత్రులు చల్లబడడం లేదు, ఇళ్లల్లో ఏసీలు తెల్లవార్లూ తిరుగుతున్నాయి, తీరంలో రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు ఆగవు. దానికి విశ్రాంతే లేదు. 2024 మే 30న దేశం మొత్తం డిమాండు 250 గిగావాట్లకు చేరింది, వడగాలుల మధ్యలో. మన ముత్తుకూరు వైపు నేలటూరులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు మూడున్నాయి. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. వేడికి ఏసీ, ఏసీకి బొగ్గు, బొగ్గుతో మళ్లీ వేడి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్కువ కరెంటు సరఫరా చేయడమే సేవ అనుకున్నాను. అవసరాన్ని తగ్గించడం కూడా సేవేనని రిటైరయ్యాక అర్థమైంది.

చల్లగాలి_కావలి | మే 8, సాయంత్రం 5:00

సార్ చెప్పినదానికి గ్యాస్ సంగతి కలుపుతాను. ఉప్పుగాలికి కాయిల్‌కి సన్న రంధ్రం పడుతుంది. ఏటా వేసవికి గ్యాస్ కొట్టించుకుంటారు, లీకు మాత్రం మూయించరు. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32 దానిలో మూడో వంతే, అయినా కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు. మెకానిక్‌ని పిలిచినప్పుడు "లీకు ఎక్కడో చూపించు, తర్వాతే గ్యాస్" అని పట్టుబట్టండి. మా వాళ్లలో కొందరికి ఈ మాట నచ్చదు. నచ్చకపోయినా చెప్తాను.

మార్కాపురం_పలక | మే 9, ఉదయం 7:45

ఏసీ లేని మాట ఒకటి. మా ఆఫీసు మార్కాపురంలో. సాయంత్రం అందరూ వెళ్లాక వాచ్‌మన్ కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేస్తాడు, తెల్లవారి మూసేస్తాడు. పగలు రెండు పెద్ద కూలర్లు. మే దాటిస్తున్నాం. నెల్లూరులో ఎందుకు చేయరు?

చల్లగాలి_కావలి | మే 9, ఉదయం 8:30

అన్నా, మీది పొడి గాలి, అక్కడ కూలర్‌కు తిరుగులేదు. సముద్రపు గాలి వచ్చే ఊళ్లో కూలర్ పెడితే గదిలో ఉక్క రెట్టింపు అవుతుంది, ఫైళ్లు మెత్తబడిపోతాయి. రాత్రి కిటికీలు తీసినా తేమ లోపలికొచ్చి కాగితాల్లో, కుర్చీ దిండ్లలో కూర్చుంటుంది. పొద్దున ఏసీ వేయగానే ముందు దాన్నే పిండాలి.

భూగోళం_మాస్టారు | మే 9, ఉదయం 9:15

ఇద్దరూ చెప్పింది నిజమే. పాత ప్రకాశం జిల్లా ఒకే జిల్లాగా ఉన్నప్పుడు కూడా కొత్తపట్నం ఒడ్డుకూ నల్లమల అంచుకూ వాతావరణంలో పోలిక లేదు. నెల్లూరులో కూడా పడమటి గాలి రాత్రి దాకా వీచే రోజుల్లో కిటికీలు తీయడం లాభమే. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూసి తీయాలి. మా చిన్నప్పుడు పడమటి గాలి వీచే రోజే వరండాల్లో వట్టివేళ్ల తడికలు తడిపేవాళ్లు. వాళ్లకు ఈ లెక్క తెలుసు.

రూట్_డ్రైవర్ | మే 9, రాత్రి 10:05

లోపల కూర్చునే వాళ్ల గురించే అందరూ రాశారు. నేను ఆఫీసులకు వాటర్ క్యాన్లు వేస్తాను. ఔట్‌డోర్ యూనిట్లను చాలా చోట్ల మెట్ల దగ్గర, వాచ్‌మన్ కుర్చీ పక్కన బిగిస్తారు. ఏడెనిమిది ఏసీల వేడి గాలి ఆయన మొహాన కొడుతుంటుంది. లోపల 22, ఆయనకు 45. ఎక్కడ బిగించాలో అనుకునేటప్పుడు ఆయన కూర్చునే చోటు కూడా చూడండి.

పెన్నాగట్టు | మే 9, రాత్రి 10:40

అన్నా, మీ మాట చదివి పొద్దున కిందకి వెళ్లి చూస్తాను. మా గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల యూనిట్లు సరిగ్గా అక్కడే ఉన్నట్టు గుర్తు.

మాస్టారు చెప్పినట్టు పాత బిల్లులు తీశాను. 2018 జనవరిలో 610 యూనిట్లు. ఈ జనవరిలో 1,040. మనుషులు పెరిగింది ముగ్గురే. కొంత కొత్త కంప్యూటర్లది అయుండొచ్చు. అయినా జనవరిలో ఏసీ వేయడం ఎప్పుడు మొదలుపెట్టామో మాలో ఎవరికీ గుర్తు లేదు. ఎవరూ నిర్ణయించకుండానే అలవాటైపోయింది.

పెన్నాగట్టు | మే 24, సాయంత్రం 7:20

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. యూనిట్లు నాలుగూ తూర్పు వైపు జరిపించి, పైన జీఐ పైపులతో షేడ్ నెట్ కట్టించాం. స్లాబు మీద ఫెవికాల్ కలిపిన సున్నం రెండు పూతలు వేయించాం. పడమటి అద్దాలకు బయట వెదురు తడికలు. మా ఓనర్ మొదట ఒప్పుకోలేదు, ఎలివేషన్ పాడవుతుందన్నారు. ఇక్కడ చదివిన లీకేజీ మాట చెప్పాను. సున్నం ఖర్చులో సగం ఇచ్చారు, తడికలు వేసవి దాటాక తీసేయాలని షరతు పెట్టారు. ఫాల్స్ సీలింగ్ విప్పి ఫ్యాన్లు పెట్టడం ఇప్పుడు కుదరలేదు, కాబట్టి గోడలకు ఆరు ఫ్యాన్లు బిగించాం.

ఎలక్ట్రీషియన్ దగ్గర టెంపరేచర్ గన్ తీసుకుని కొలిచాను. మధ్యాహ్నం మూడింటికి స్లాబు అడుగుభాగం మే 8న 43, మే 22న 37. బయట రెండు రోజులూ 41 దగ్గరే. ఏసీలు 26లో ఉన్నాయి. లోపల 27కి వస్తోంది. ట్రిప్ కాలేదు.

గర్భిణి అమ్మాయికి తూర్పు మూల సీటు ఇచ్చాం. మధ్యాహ్నం ఇంటి నుంచి పని చేయమన్నాం.

విశ్రాంత_ఏఈ | మే 24, రాత్రి 8:00

చాలా సంతోషం అమ్మా. కుదిరితే వచ్చే ఏడాదికి ఆ స్లాబు మీద ఎత్తు స్టాండ్లతో సోలార్ ప్యానెళ్లు పెట్టే సంగతి ఓనర్‌తో మాట్లాడండి. ఆఫీసు వాడకం పగలే, ఎండ వచ్చేదీ పగలే. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. వేడి మరీ ఎక్కువైతే ప్యానెల్ ఉత్పత్తి కాస్త తగ్గుతుంది, దాని కింద స్లాబుకు మాత్రం నీడ దొరుకుతుంది.

మూడో_బల్ల | జూన్ 3, మధ్యాహ్నం 2:10

మా మేనేజర్‌కు ఏఈ గారి పోస్ట్ చూపించాను. చదివి రిమోట్ నా బల్ల మీద పెట్టారు. ఇప్పుడు 25లో ఉంది, కిటికీ పక్కవాళ్లకు ఫ్యాన్ తెప్పించారు. శాలువా ఇంటికి తీసుకెళ్లిపోయాను.

పెన్నాగట్టు | జూలై 4, ఉదయం 11:30

జూన్ బిల్లు వచ్చింది. పోయిన ఏడాది జూన్‌లో 1,910 యూనిట్లు, ఈసారి 1,480. మ్యాగ్జిమమ్ డిమాండ్ 10 లోపే ఉంది, లోడు పెంచే దరఖాస్తు ఆపేశాం. ఈ జూన్‌లో వారం రోజులు మబ్బు పట్టింది, కాబట్టి తగ్గినదంతా మా పనుల వల్లే అని చెప్పలేను.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లతో మాట్లాడి వాచ్‌మన్ కుర్చీని మెట్ల అవతలి వైపుకు మార్పించాం. యూనిట్లు జరపడానికి వాళ్లింకా ఒప్పుకోలేదు, మళ్లీ అడుగుతాను.

సివిల్ అన్నా, మీరు చెప్పిన ఉత్తరం కిటికీ సంగతి నిన్ననే కళ్లారా చూశాను. సాయంత్రం ఐదున్నరకు ఎండ నేరుగా నా కీబోర్డు మీద పడింది. ఆ వైపు పక్క బిల్డింగు గోడ మూడడుగుల దూరంలోనే ఉంది, తడిక కట్టడానికి మనిషి నిలబడే చోటు లేదు. లోపలి నుంచే బిగించగలిగేది ఏదైనా ఉందా? ఫొటో సాయంత్రం పెడతాను.